ఎంత ఇస్తుంది?

సైకిల్ విడిభాగాలు చేసుకుంటూ మొదలైన కొరియా కంపెనీ ఒకటి, దేశంలోనే వాన అతి తక్కువగా పడే జిల్లాల్లో ఒకదాన్ని ఏరికోరి ఎంచుకుని కార్ల కర్మాగారం కట్టింది. కంపెనీ ఈ దేశంలో లెక్క వేసుకున్నదేమిటి? ఆ కర్మాగారం ఉన్న ఎర్రమంచి పరిసరాల్లో జనం వేసుకుంటున్న లెక్కేమిటి?

అనంతపురం వైపు సంతలో ఎనుమును బేరమాడేవాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘ఎంత ఇస్తుంది?’ పూటకు ఎన్ని లీటర్ల పాలని దానర్థం. శెనక్కాయ చేను కౌలుకు తీసుకునేవాడూ అదే అడుగుతాడు, ఎకరాకు ఎన్ని మూటలని. కార్ల షోరూమ్‌లో కాలుపెట్టిన తెలుగువాడి నోట్లోంచి వచ్చేదీ అదే మాట. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని విడమరచి చెప్పక్కర్లేదు, టై కట్టుకుని నిలబడ్డ కుర్రాడికి అర్థమైపోతుంది.

2017లో అప్పటి అనంతపురం జిల్లాకే కియా అనే కార్ల కంపెనీ వచ్చినప్పుడు ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ మొదలైంది. కంపెనీ మన బజారును చూసి అడిగింది. ఊరు కంపెనీని చూసి అడిగింది. ఎనిమిదేళ్లు దాటాక కంపెనీకి మాత్రం జవాబు దొరికింది.

బెంగళూరు నుంచి ఉత్తరంగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. అటూ ఇటూ గుండ్రాళ్ల గుట్టలు, ఎర్రనేల, గొర్రెల మందలు, అక్కడక్కడ చింతచెట్టు. పాలసముద్రం, సోమందేపల్లి దాటి పెనుకొండ దరికి వచ్చేసరికి దారి పక్క బోర్డుల మీద గుండ్రటి, చదరపు గీతలతో కొత్త లిపి కనిపిస్తుంది. హోటళ్ల పేర్లు కొరియన్‌లో. లోపల మన ఆవకాయకు దూరపు చుట్టంలాంటి కిమ్చీ. రాగిసంగటి, ఊరిబిండి నేల మీద దీన్ని ఊహించినవాళ్లు పదేళ్ల కిందట ఎవరూ లేరు.

ఒక చిన్న చమత్కారం. కొరియా పిల్లలు తండ్రిని ‘అప్పా’ అంటారు, తల్లిని ‘ఒమ్మా’ అంటారు. ‘ఏమప్పా’, ‘రాప్పా’ అని తప్ప మాట మొదలుపెట్టని అనంతపురంవాళ్లకు ఇంతకన్నా మంచి పరిచయ వాక్యం ఏముంటుంది? భాషా శాస్త్రజ్ఞులు దీన్ని కాకతాళీయం అనవచ్చు. పని జరిగే చోట కాకతాళీయాలు కూడా అక్కరకొస్తాయి.

550 ఏనుగులు, 550 మిల్లీమీటర్లు

పెనుకొండకు పరాయి వైభవం కొత్తకాదు. 1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమల దేవరాయలు హంపీ విడిచి రాజధానిని ఇక్కడికే మార్చాడు. విజయనగర సంపదను 550 ఏనుగుల మీద వేసుకుని వచ్చారని ఒక కథనం ఉంది. ఏనుగుల సంఖ్య ఎంత నిజమో గానీ, అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన మాత్రం సుమారు 550 మిల్లీమీటర్లే. జైసల్మేర్ తర్వాత దేశంలో వాన తక్కువ పడే జిల్లా ఇదేనని బడిపిల్లలు కూడా అంటుంటారు, లెక్కకు పూర్తిగా నిలవని మాటే అయినా. ఆ కాస్తా కూడా ముంగారులో ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఎగ్గొడుతుందో తెలీదు. విత్తనం వేశాక వాన మొహం చాటేస్తే శెనక్కాయ ఊడ దిగదు, కాయ పట్టదు, పశువులకు కట్టె మాత్రం మిగులుతుంది. బోర్లు వందల అడుగులకు దిగి దుమ్ము కక్కాయి. ఊళ్లకు ఊళ్లు బెంగళూరుకో, కేరళకో కూలికి బయల్దేరాయి. చాలా పల్లెల్లో పెద్దపండక్కి తప్ప ఇళ్ల తాళాలు తెరుచుకునేవి కావు.

ఈ జిల్లాకు బయటివాళ్లు రావడం కూడా పాత సంగతే. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి శిస్తులు నిర్ణయించాడు. 1969లో స్పెయిన్ నుంచి విన్సెంట్ ఫెర్రర్ వచ్చి ఆసుపత్రులు, బడులు, ఇళ్లు కట్టించి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. పుట్టపర్తికి ప్రపంచమంతా వచ్చింది. ఒకడు పన్ను కోసం, ఒకడు సేవ కోసం, కొందరు భక్తితో. లాభం కోసం వస్తున్నామని నేరుగా చెప్పి వచ్చినవాళ్లు మాత్రం కొరియన్లే. దాచుకోకపోవడం నాకు నచ్చింది.

రాని కారు

కియా కథ చెప్పాలంటే ముందు రాని కారు గురించి చెప్పుకోవాలి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విశాఖపట్నానికి ఫోక్స్‌వాగన్ వస్తోందని పండగ చేసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం వాటా కింద 11 కోట్ల రూపాయలకు పైగా డబ్బు ఒక కంపెనీ ఖాతాలో వేసింది. తీరా చూస్తే ఆ కంపెనీకీ తమకూ సంబంధం లేదని జర్మనీవాళ్లు చెప్పారు. కేసు సీబీఐ దాకా వెళ్లింది. 2006లో ఫోక్స్‌వాగన్ మహారాష్ట్రతో ఒప్పందం చేసుకుని పుణె దగ్గర చాకన్‌లో కర్మాగారం పెట్టుకుంది. ఆంధ్రాకు మిగిలింది అసెంబ్లీలో గొడవ, పత్రికల్లో కార్టూన్లు.

అదే 2006లో ఆ ఫోక్స్‌వాగన్ గూటి నుంచి పీటర్ ష్రేయర్ అనే పేరున్న డిజైనర్ లేచి వెళ్లి కియాలో చేరాడు. ఇప్పుడు కియా కార్ల ముందు భాగంలో కనిపించే ‘పులి ముక్కు’ ఆయన గీసిందే. విశాఖకు రావలసిన జర్మనీ కారు పుణెకు పోయినా, జర్మన్ చెయ్యి గీసిన మొహం మరో దారిలో పెనుకొండకు వచ్చిందన్నమాట. ఇలాంటి లెక్కలు చరిత్ర వేసుకోదు. మనలాంటి ఆదివారం రాతగాళ్లం వేసుకుంటాం.

ఆ దెబ్బ తగిలిన రాష్ట్రం కాబట్టే 2017 ఏప్రిల్ 27న కియాతో ఒప్పందం అనగానే నమ్మినవాళ్లకంటే నవ్వినవాళ్లు ఎక్కువ. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాలు, ఏడాదికి మూడు లక్షల కార్లు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో! సముద్రం లేదు, రేవు లేదు. కార్ల పరిశ్రమ అన్న ఊసే ఆ చుట్టుపక్కల లేదు.

సైకిల్ నుంచి సెల్టోస్ దాకా

కియా 1944లో పుట్టింది. అప్పుడు దాని పేరు అది కాదు, చేసింది కార్లూ కాదు. ఉక్కు గొట్టాలు, సైకిల్ విడిభాగాలు చేసే చిన్న కార్ఖానా. కొరియా యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే సొంతంగా సైకిల్ తయారుచేసి, ఆసియా నుంచి పైకి లేచింది అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. తర్వాత హోండా లైసెన్సుతో మోటార్‌సైకిళ్లు, మాజ్డా సాయంతో మూడు చక్రాల బళ్లు, 1974లో బ్రీసా అనే చిన్న కారు. చక్రం తర్వాత చక్రం చేర్చుకుంటూ ఎదిగిన కంపెనీ. 1997లో ఆసియా దేశాలను ముంచిన ఆర్థిక సంక్షోభం దాన్నీ దివాలా తీయించింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ 51 శాతం వాటా కొని ఒడ్డుకు లాగింది. అప్పటి నుంచి ఇద్దరూ అన్నదమ్ములు. వంటిల్లు ఒకటే, వాకిళ్లు వేరు. ఇంజన్లు, అడుగుభాగాలు పంచుకుంటారు. బజారులో మాత్రం ఒకరి గిరాకీ ఒకరు లాక్కుంటారు.

అన్న ముందే ఇక్కడ ఉన్నాడు. హ్యుందాయ్ 1996లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో పునాది వేసింది. 1998లో శాంత్రో దింపింది. ఇదేం కారు, తలపాగా చుట్టినట్టుంది అని వెక్కిరించినవాళ్లే ఆ ఎత్తు వల్ల లోపల హాయిగా కూర్చోవచ్చని తెలుసుకుని కొన్నారు. మారుతి 800 తర్వాత మధ్యతరగతి ఇంటి ముందు నిలబడ్డ రెండో కారు చాలా చోట్ల అదే. అదే కొరియా నుంచి అంతకుముందే సియెలోతో వచ్చిన దేవూ మాత్రం మాటిజ్ దాకా నడిచి చతికిలబడింది. ఒకే దేశంవాళ్లు, ఒకే దశాబ్దం, ఒకే బజారు. తేడా ఓపికలో ఉంది. హ్యుందాయ్ తన విడిభాగాల కంపెనీలను కూడా వెంటబెట్టుకొచ్చి చెన్నై చుట్టూ ఒక కాలనీ కట్టింది. 2006లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రం తెరిచింది. పెనుకొండలో కియా మొదటి ఇటుక పెట్టే నాటికి అన్న పడ్డ ఇరవై ఏళ్ల పాట్లు తమ్ముడి పుస్తకంలో పాఠాలుగా ఉన్నాయి. పెనుకొండకు చెన్నై విడిభాగాలు ఒక రాత్రి ప్రయాణం, బెంగళూరు విమానాశ్రయం రెండు గంటల దారి. మొదటి చూపుకు వింతగా కనిపించిన చోటు పటం ముందు పెట్టుకుని చూస్తే అంత వింతగా ఉండదు.

2017 అన్న సంవత్సరాన్ని కూడా చూడాలి. దక్షిణ కొరియాలో అమెరికా క్షిపణి నిరోధక వ్యవస్థ పెట్టడం చైనాకు కోపం తెప్పించింది. ఆ కోపం కొరియా సరుకు మీద తేలింది. చైనాలో హ్యుందాయ్, కియాల అమ్మకాలు ఆ ఏడాది కుప్పకూలాయి. ఉన్న గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టినవాడికి ఇంకో బుట్ట విలువ అప్పుడే తెలుస్తుంది. అటు భారతదేశంలో 2016–17లో కార్లు, జీపులు, వ్యాన్లు కలిపి అమ్మకాలు తొలిసారి 30 లక్షలు దాటాయి. అంత పెరిగినా, తర్వాత వచ్చిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం నూటికి ఎనిమిది ఇళ్లలో కూడా కారు లేదు. కార్ల కంపెనీ కళ్లకు కనిపించేది ఆ ఎనిమిది కాదు, మిగతా తొంభై రెండు.

కియా ఒప్పందం మీద సిరా ఆరకముందే, 2017 మే నెలలో అమెరికా దిగ్గజం జనరల్ మోటార్స్ భారతదేశంలో అమ్మకాలు ఆపేస్తున్నట్టు చెప్పింది. నాలుగేళ్లకు ఫోర్డ్ కూడా ఇక్కడ తయారీ ఆపేసి సర్దుకుంది. జనరల్ మోటార్స్ వదిలేసిన తలేగావ్ కర్మాగారాన్ని చివరికి కొన్నది ఎవరో కాదు, హ్యుందాయే. ఒకరికి ఎడారిలా కనిపించిన బజారు ఇంకొకరికి మాగాణి.

కృష్ణమ్మ ఎక్కి వచ్చిన మెట్లు

కార్ల కర్మాగారానికి నేల ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే. పెయింట్ షాపే చాలా తాగేస్తుంది. అనంతపురంలో నీళ్లెక్కడివి? ఈ ప్రశ్నకు జవాబు పెనుకొండకు చాలా దూరంలో, శ్రీశైలం జలాశయం వెనక నీళ్లలో ఉంది. నందికొట్కూరు దగ్గర మల్యాలలో మొదలయ్యే హంద్రీ–నీవా కాలువ కృష్ణ నీళ్లను మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తి సీమ మీదికి ఎక్కిస్తుంది. 40 టీఎంసీల పథకం. దశాబ్దాల ఉద్యమాలు, పాదయాత్రలు, శిలాఫలకాలు దాని వెనక ఉన్నాయి. 2012లో నీళ్లు జీడిపల్లి జలాశయం చేరాయి. 2016 చివర్లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి వచ్చాయి.

2016 చివర్లో నీళ్లు, 2017 ఏప్రిల్‌లో కియా. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. రాయితీలు, పన్నుల మినహాయింపులు, ప్రభుత్వం దగ్గరుండి నేల చదును చేయించి ఇవ్వడం, అన్నీ నిజమే. అయినా గొల్లపల్లి నిండకపోయి ఉంటే కొరియా ప్రతినిధులు కారు దిగి చుట్టూ చూసి మళ్లీ కారెక్కేవాళ్లని నా నమ్మకం. తరతరాలుగా రైతు అడిగిన నీళ్లు వచ్చాయి. వాటిలో మొదటి కడవ ఎవరికి అన్నది ఆ వైపు రచ్చబండల మీద ఇప్పటికీ నలిగే మాట. కర్మాగారం తాగేది ఎంత, చేలకు పారేది ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే కర్మాగారానిది చిన్న గుక్కే. తేడా ఏమంటే, ఆ గుక్క ఏడాది పొడవునా తప్పకుండా అందాలి. చేనుకు అలాంటి హామీ ఇచ్చినవాళ్లు లేరు.

ఒకరి పునాది, మరొకరి రిబ్బను

పని మాత్రం ఆశ్చర్యపోయేంత వేగంగా జరిగింది. 2018 ఫిబ్రవరిలో ఉక్కు స్తంభాలు లేచాయి. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా మొదటి కారు బయటికి వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. ఆగస్టులో ఇక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్‌లోకి దిగింది. డిసెంబరు 5న కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించింది అప్పటికి ముఖ్యమంత్రి అయిన జగన్‌మోహన్ రెడ్డి. కియాను తెచ్చిందెవరన్న వాదన అసెంబ్లీ దాకా వెళ్లింది. 2020 ఫిబ్రవరిలో కంపెనీ తమిళనాడుకు తరలిపోవచ్చని ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ రాస్తే రాష్ట్రమంతా గుండె జారింది. అదేం లేదని ఇటు ప్రభుత్వం, అటు కంపెనీ ఖండించాయి. ఆ మే నెలలో కంపెనీ మరో 5.4 కోట్ల డాలర్లు పెడతామని చెప్పాక గానీ గుసగుసలు సద్దుమణగలేదు. పిల్ల ఇష్టపడి కాపురానికి వచ్చినా పుట్టింటికి పోతుందేమోనని చూస్తూ కూర్చునే అత్తగారిలా ఉండేది అప్పటి వాతావరణం.

కియా బజారులోకి దిగిన వేళ చూస్తే ఎవరైనా ముహూర్తం బాగాలేదనేవారే. 2019 జులైలో దేశంలో కార్ల అమ్మకాలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 31 శాతం పడిపోయాయి. రెండు దశాబ్దాల్లో అంత దెబ్బ లేదు. పాత కంపెనీలు షిఫ్టులు మూసేస్తున్నాయి, డీలర్లు దుకాణాలు కట్టేస్తున్నారు. సరిగ్గా ఆ జులైలో సెల్టోస్ బుకింగ్ తెరిస్తే మొదటి రోజే 6,046 మంది పేర్లు రాయించుకున్నారు. ఎవరూ పేరు కూడా సరిగా పలకలేని కంపెనీ. నడిపి చూసినవాళ్లు లేరు. ధర కూడా అప్పటికి చెప్పలేదు. ఆగస్టు 22న చెప్పిన మొదటి మెట్టు ధర 9.69 లక్షలు.

ఎందుకు కొన్నారు? ఇక్కడే ఆ కంపెనీ పనితనం తెలుస్తుంది.

నాలుగు మీటర్ల గీత

విదేశీ కంపెనీలు మన దగ్గర సాధారణంగా చేసే తప్పు ఒకటుంది. బయట పాతబడ్డ కారును ఇక్కడికి తెచ్చి, ఖరీదైన భాగాలు కొన్ని పీకేసి, ఇది మీకు చాలులే అన్నట్టు అమ్మడం. అలా చూసేవాణ్ణి మన జనం ఇట్టే పసిగడతారు. పెళ్లి విందులో పక్క పంక్తికి నెయ్యి వేసి మన విస్తరి దాటిపోయిన వంటవాణ్ణి మరిచిపోతామా?

కియా దీనికి ఎదురు దారి పట్టింది. ఎండాకాలంలో వీపు తడిసిపోయే దేశమని సీట్లలోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు పెట్టింది. ఢిల్లీ గాలి సంగతి తెలుసు కాబట్టి గాలి శుద్ధి చేసే యంత్రం పెట్టింది. పైకప్పులో తెరుచుకునే అద్దం పెట్టింది. దాని వల్ల మనకు ఏం ఒరుగుతుందని నాకు ఇప్పటికీ సందేహమే. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో దాన్ని తెరిచి చూడండి, తెలుస్తుంది. కానీ పిల్లలు అందులోంచి తల బయటపెట్టి కేరింతలు కొట్టే దృశ్యం కోసం తండ్రులు లక్షన్నర ఎక్కువ పెడుతున్నారని కంపెనీకి బాగా తెలుసు. 2020లో మారుతి డీజిల్ ఇంజన్లు వదిలేస్తే కియా వదల్లేదు. నెలకు వేల కిలోమీటర్లు తిరిగేవాడు ‘ఎంత ఇస్తుంది’ అంటే చెప్పడానికి ఒక జవాబు అట్టిపెట్టుకుంది.

ఆ తర్వాత వచ్చిన సోనెట్ పొడవు చూడండి. 3,995 మిల్లీమీటర్లు. ఎందుకంత కొలిచినట్టు? 2006 బడ్జెట్‌లో కేంద్రం ఒక గీత గీసింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200, డీజిలైతే 1,500 సీసీల లోపు ఇంజన్ ఉంటే పన్ను తక్కువ. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడా లేని ఒక కొత్త జాతి కార్లు మన రోడ్ల మీద పుట్టాయి. ముందు నుంచి చూస్తే ఏనుగు, వెనక నుంచి చూస్తే కత్తిరించిన ఏనుగు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు కూడా ఆ గీత చెరిగిపోలేదు. చిన్నవాటికి 18 శాతం, పెద్దవాటికి 40. మన బజారులో గెలవాలంటే ఇంజనీరు పక్కన పన్నుల గుమాస్తాను కూడా కూర్చోబెట్టుకోవాలి. అంగుళానికి ఐదో వంతు వదిలి గీతకు ఇవతల నిలబడ్డ సోనెట్ అలా పుట్టిందే.

పొగడ్తలే రాయలేం. 2020లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి చూసిన సెల్టోస్‌కు ఐదింటిలో మూడు నక్షత్రాలే వచ్చాయి. పిల్లల భద్రతకు రెండే. చల్లటి సీటుకు ముందు గట్టి ఒళ్లు ఇవ్వాలి కదా అని అడిగినవాళ్లున్నారు. న్యాయమైన మాటే. టాటా, మహీంద్రాలు ఐదు నక్షత్రాలు చూపించి గిరాకీ లాక్కోవడం మొదలుపెట్టాక కొరియా అన్నదమ్ములిద్దరూ ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ ఇవ్వడం మొదలుపెట్టారు. కొనేవాడు అడిగేదాకా ఇవ్వకపోవడం ఏ దేశపు వ్యాపారికైనా ఉన్న జబ్బే.

ఏమైతేనేం, 2023 జులైలో పెనుకొండ నుంచి పది లక్షలో కారు బయటికొచ్చింది. 2024లో దేశంలో అమ్మినవి రెండున్నర లక్షల పైచిలుకు. గల్ఫ్, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకూ ఓడల్లో వెళ్తున్నాయి. 2025లో కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు కూడా ఇక్కడే మొదలైంది. కంపెనీ అడిగిన ‘ఎంత ఇస్తుంది’కి జవాబు దొరికిందన్నది ఇందుకే.

ఊరి లెక్క

ఊరు అడిగిన ప్రశ్న మాత్రం అంత తేలిగ్గా తెగదు.

కర్మాగారం లోపల పని ఎలా ఉంటుందో ముందు చూద్దాం. ఉక్కు చుట్టలు ఒక చివర లోపలికి వెళ్తాయి. ప్రెస్ షాపులో తలుపులు, పైకప్పులు అచ్చుపడతాయి. బాడీ షాపులో మరమనుషులు నిప్పురవ్వలు చిమ్ముతూ అతుకులు వేస్తాయి. ప్రెస్, బాడీ, పెయింట్ షాపుల్లో కలిపి 450కి పైగా మరమనుషులున్నాయని కంపెనీ చెప్పుకుంటుంది. రంగు పడ్డాక అసెంబ్లీ లైను. అక్కడ మాత్రం మనుషులు. పక్కనే మోబిస్, గ్లోవిస్ లాంటి తోబుట్టువు కంపెనీలు కూడా వచ్చి వాలాయి. పోపు వేగేలోపు కరివేపాకు చేతికి అందించినట్టు, లైను మీద ఏ కారు వస్తుంటే దానికి తగిన డ్యాష్‌బోర్డు ఆ క్షణానికి వచ్చి చేరాలి. ఒక నిమిషం ఆలస్యమైతే లైనంతా ఆగుతుంది. శెనక్కాయ రైతుకు కాలం ముంగారు, హింగారు అని నెలల్లో నడిచేది. అతని కొడుక్కి సెకన్లలో నడుస్తోంది.

ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు ఇంటి దగ్గరే యూనిఫారం ఉద్యోగం దొరికింది. ఇది చిన్న మాట కాదు. బెంగళూరులో పది మంది ఒకే గదిలో సర్దుకుని అపార్ట్‌మెంట్లకు కాపలా కాసిన అన్నలను చూసి పెరిగిన పిల్లలు వాళ్లు. సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురాల్లో ఇళ్ల అద్దెలు పెరిగాయి, హాస్టళ్లు వెలిశాయి, కర్రీ పాయింట్లు కిటకిటలాడాయి. రహదారి వెంట ఎకరాలు గజాల్లోకి మారాయి. బయటికి మాత్రమే మనుషుల్ని పంపిన జిల్లాకు ఒడిశా, బిహార్ల నుంచి మనుషులు రావడం మొదలైంది.

ఇక రెండో వైపు. పరిశ్రమల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. చట్టంలో స్థానికుడు అన్న మాట తేలికే. నైపుణ్యం, కాంట్రాక్టు, పర్మినెంటు అన్న మాటలు వచ్చేసరికి లెక్క మసకబారుతుంది. కంపెనీ జీతగాడు వేరు, కంపెనీకి మనిషిని సరఫరా చేసే ఏజెన్సీ జీతగాడు వేరు. గేటు ఒకటే, బ్యాడ్జీ రంగు వేరు. భూములు ఇచ్చిన కుటుంబాల్లో డబ్బును మళ్లీ నేల మీద పెట్టినవాళ్లు నిలబడ్డారు, పెళ్లిళ్లకూ బోర్లకూ పెట్టినవాళ్లు నిలబడలేదు. ఇది కియా దగ్గరే కాదు, నేల పోయిన ప్రతి చోటా జరిగే కథ.

ఇంకో వింత కూడా చెప్పుకోవాలి. 2025లో సుమారు 900 ఇంజన్లు లెక్కకు రావడం లేదని కంపెనీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. బస్తా శెనక్కాయలు మాయమైతే ఊరంతా వెతికే చోట వందల కొద్దీ ఇంజన్లు మాయమయ్యాయంటే జనం మొదట నమ్మలేదు, తర్వాత నవ్వారు. దర్యాప్తు సంగతి పోలీసులకు వదిలేద్దాం. అంతా సెకన్ల లెక్కలో నడిచే చోట కూడా మనిషి అనేవాడు ఉంటాడని ఆ వార్త గుర్తుచేసింది.

ఒప్పందం నాడు వేసిన పెద్ద లెక్కొకటి ఇంకా తేలలేదు. కియా వెంట మరిన్ని కార్ల కంపెనీలు వస్తాయని, పెనుకొండ మరో శ్రీపెరుంబుదూరు అవుతుందని అనుకున్నారు. విడిభాగాల కంపెనీలు వచ్చాయి గానీ రెండో పెద్ద కార్ల పేరు ఆ రహదారి మీద ఇంకా కనిపించలేదు. అటు శ్రీసిటీలో ఇసుజు 2016లోనే వచ్చింది, సరిగ్గా కియా ఒప్పందానికి ఏడాది ముందు అదే తేదీన. కానీ అది చెన్నై నీడలో ఉన్న చోటు. పెనుకొండ ఒంటరి చెట్టు. చెట్టు పెద్దదే, నీడా బాగుంది. తోపు అని మాత్రం అనలేం.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో వెస్ట్ పాయింట్ అనే చిన్న ఊరుంది. బట్టల మిల్లులు మూతపడి చితికిపోయిన ఆ ఊళ్లో 2009లో కియా కర్మాగారం మొదలైంది. తమ ఊరికి కియాను తెచ్చినందుకు ఏసుకు కృతజ్ఞతలు చెబుతూ అక్కడివాళ్లు ఇంటి ముందు బోర్డులు పాతారు. మన దగ్గర అయితే ఆ బోర్డు ఫ్లెక్సీ అయ్యేది, దేవుడి బొమ్మ చోట నాయకుడి బొమ్మ ఉండేది. కొత్త ఊళ్లో అడుగుపెట్టినప్పుడు అక్కడి కష్టం ఎంత లోతుదో ఈ కంపెనీకి బాగా తెలుసనిపిస్తుంది. స్లొవేకియాలో జిలీనా అయినా, జార్జియాలో వెస్ట్ పాయింట్ అయినా, సీమలో ఎర్రమంచి అయినా అది ఎంచుకున్నది పనికోసం కాచుకుని ఉన్న చోట్లనే.

జూన్ నెలలో ఒక సాయంత్రం ఆ దారిన వెళ్తే కర్మాగారం వైపు నుంచి పొడవాటి ట్రైలర్లు వరసగా రోడ్డెక్కుతుంటాయి. రెండంతస్తుల్లో కొత్త కార్లు, వాటి మీద తెల్లటి పట్టీలు. ట్రైలర్ల నంబరు ప్లేట్లు హర్యానావి, రాజస్థాన్‌వి. డ్రైవర్లు ధాబా దగ్గర ఆపి నులక మంచాల మీద రొట్టె తింటారు. ఉత్తరాన వాళ్లు దింపాల్సిన ఊళ్లలో జైసల్మేర్ కూడా ఉండవచ్చు. రోడ్డుకు అవతల ఎర్రగా దున్ని పెట్టిన చేను. గట్టు మీద శెనక్కాయ విత్తనాల మూట. దాని పక్కన నిలబడ్డ రైతు ట్రైలర్ల వైపు చూడడం లేదు. పడమర మబ్బు కట్టింది. అది ఎంత ఇస్తుందో చూస్తున్నాడు.